పిడికిట్లో గింజా? రాయా?

పొద్దుగూకింది. వంటలు అయిపోయాయి. ఇద్దరు యారాళ్లు వాకిట్లో కూర్చున్నారు. అత్త గంపలో పల్లికాయలు పోసుకొని పక్కన కూర్చుంది.

"ఒక ఆట ఆడుండ్రి. గెలుచుకున్నన్ని పల్లికాయలు ఇస్త" అంది అత్త.

ఈ ఆటకు కావలసినవి రెండే. ఒక చింతగింజ, ఒక చిన్న రాయి. ఇద్దరి దగ్గరా ఈ రెండూ ఉండాలి. చేతులు వెనక్కి పెట్టుకొని ఏదో ఒకటి పిడికిట్లో పట్టుకోవాలి. ఇద్దరూ ఒకేసారి పిడికిలి విప్పాలి. గింజ తీస్తే "నిన్ను నమ్మిన" అని. రాయి తీస్తే "నిన్ను ముంచిన" అని.

ఇద్దరూ గింజ తీస్తే చెరి 3 కాయలు.
ఇద్దరూ రాయి తీస్తే చెరి 1 కాయ.
ఒకరు గింజ, ఒకరు రాయి తీస్తే, రాయి తీసినామెకు 5 కాయలు. గింజ తీసినామెకు ఏమీ లేదు.

మొదటిసారి పెద్దామె గింజ తీసింది. చిన్నామె రాయి తీసింది. చిన్నామె ఒళ్లో 5 కాయలు పడ్డాయి.

"గిదేంది చెల్లె! నేను నిన్ను నమ్మితి గదా!"

"ఆటనే గదక్కా. నువ్వు రాయి తీస్తవేమో అని భయమైంది. నువ్వు రాయి తీసి నేను గింజ తీస్తే నాకేం రాకపోవు."

చిన్నామె మాటలో తప్పు లేదు. ఒక్కసారే ఆడే ఆటలో అవతలామె ఏది తీసినా రాయే లాభం. అవతల గింజ ఉంటే 3కు బదులు 5 వస్తాయి. అవతల రాయి ఉంటే సున్నాకు బదులు 1 వస్తుంది. కానీ ఇద్దరూ ఇట్లాగే ఆలోచిస్తే చెరొక కాయతో లేవాల్సిందే. 1950లో అమెరికాలో లెక్కల పండితులు ఈ చిక్కును బయటపెట్టారు. వారు చెప్పిన కథలో పల్లికాయలు లేవు. వేర్వేరు గదుల్లో ఉన్న ఇద్దరు ఖైదీలు ఉన్నారు.

అత్త ఈసారి 10 ఆటలు ఆడమంది. పెద్దామెకు కోపం చల్లారలేదు. రాయే తీసింది. చిన్నామె కూడా రాయే తీసింది. 10 ఆటలూ రాళ్లే. చివరికి చెరి 10 కాయలు వచ్చాయి.

చిన్నామె వేళ్ల మీద లెక్క పెట్టింది. "అక్కా, పదిసార్లు గింజలే తీసి ఉంటే చెరి 30 వచ్చేటివి!"

మరునాడు మళ్లీ 10 ఆటలు ఆడారు. 9 ఆటల దాకా ఇద్దరూ గింజలే తీశారు. చెరి 27 అయ్యాయి. పదో ఆటలో చిన్నామె రాయి తీసింది. ఆమెకు 32. పెద్దామెకు 27తోనే ఆగింది. చివరి ఆట అని తెలుసు కదా! ఇక కోపం వచ్చినా పెద్దామె చేసేదేమీ లేదు.

మూడో రోజు అత్త కొత్త నియమం పెట్టింది. "ఎన్ని ఆటలో చెప్ప. నాకు నిద్రొచ్చినప్పుడు ఆపుత." ఆ రోజు చిన్నామె చేతిలోంచి రాయి రాలేదు.

ఏనుమాముల మార్కెట్లో జరిగేదీ ఇలాంటి ఆటే. పత్తి తెచ్చిన రైతుకు ఒక పిడికిలి ఉంది. కొనే వ్యాపారికి ఒక పిడికిలి ఉంది. బరువు పెరగాలని బోరెంలో నీళ్లు చల్లితే అది రాయి. కాంటాలో మోసం చేస్తే, తరుగు ఎక్కువ తీస్తే అదీ రాయే. "రైతు నీళ్లు చల్లుతడు" అని వ్యాపారి తరుగు తీస్తాడు. "ఎట్లాగూ తరుగు తీస్తడు" అని రైతు నీళ్లు చల్లుతాడు. ఎవరు మొదలు పెట్టారో ఎవరికీ గుర్తుండదు. అందుకే తేమ కొలిచే మిషన్ వచ్చింది. భారత పత్తి సంస్థ 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన ధర తగ్గిస్తుంది. 12 శాతం దాటితే కొనదు. మిషన్ ముందు పిడికిలి మూసి ఉంచడం కష్టం. తక్‌పట్టీ మీద బరువు, ధర, కోతలు రాసి ఉంటాయి. చదువు వచ్చినామె అక్కడే చదివి అడగవచ్చు.

అన్నిచోట్లా అట్లా ఉండదు. పురుగుమందు కొనేటప్పుడు రైతు ముందుగా పిడికిలి విప్పుతాడు. డబ్బు ఇస్తాడు, లేదా ఉద్దెర రాయించుకుంటాడు. డబ్బాలో ఉన్నది మందో నీళ్లో పురుగు చావకపోతేనే తెలుస్తుంది. అప్పటికి చేను పోతుంది. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి చేలల్లో పురుగు విపరీతంగా పడింది. మందు మీద మందు కొట్టారు. కల్తీ మందులు కూడా రైతులకు అంటగట్టారు. పంట పోయి, అప్పు మిగిలి చాలామంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. బాకీ కట్టే భారం వాళ్ల భార్యల మీద పడింది. బిల్లు లేని మందు కొంటే మోసం జరిగిందని చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

ములుకనూరులో మహిళల పాల డెయిరీ ఉంది. 2002లో మొదలైంది. సభ్యులంతా మహిళలే. పాల పేరు స్వకృషి. పాలల్లో నీళ్లు కలపడం ఎవరికి తెలియదు? ఒక చెంబు కలిపితే ఆ పూట లాభమే. కానీ డెయిరీలో పాలకు వెన్న శాతం చూసి ధర కడతారు. నీళ్లు కలిస్తే వెన్న శాతం పడిపోతుంది. పాలలో వేసే లాక్టోమీటర్ లోపలికి మునుగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. రేపు పొద్దున మళ్లీ అక్కడికే పాలు తీసుకుపోవాలి. డెయిరీ కూడా తమదే. ఆఖరి ఆట ఎప్పుడో ఎవరికీ తెలియదు.

1980 ప్రాంతంలో రాబర్ట్ యాక్సెల్‌రాడ్ అనే అమెరికా ప్రొఫెసర్ ఈ ఆట మీద పోటీ పెట్టాడు. ఆడింది మనుషులు కాదు, కంప్యూటర్లు. ఎట్లా ఆడాలో 14 మంది రాసి పంపారు. కొందరు చాలా జిత్తులమారి ఎత్తులు రాశారు. గెలిచింది అన్నిటికన్నా చిన్న ఎత్తు. అనటోల్ రాపోపోర్ట్ అనే ఆయన పంపాడు. ఆ ఎత్తు ఇదీ: మొదటిసారి గింజ తియ్యి. తర్వాత అవతలివారు కిందటిసారి ఏది తీస్తే అది తియ్యి. రెండోసారి 62 మంది పంపినా మళ్లీ అదే గెలిచింది.

ముందుగా మోసం చేయదు. మోసం చేస్తే ఊరుకోదు. వాళ్లు మారితే తానూ వెంటనే మారుతుంది. వింత ఏమిటంటే, ఆ ఎత్తు ఎదుటివారి కంటే ఒక్క కాయ కూడా ఎక్కువ తెచ్చుకోలేదు. అందరితో ఆడినవన్నీ కలిపితేనే మొదటి స్థానం వచ్చింది.

దానికీ ఒక లోపం ఉంది. మసక చీకట్లో గింజను చూసి రాయి అనుకుంటే? ఈమె రాయి తీస్తుంది. దానికి జవాబుగా ఆమె రాయి తీస్తుంది. ఇక ఆగదు. ఊళ్లో ఎన్ని పంచాయితీలు ఇట్లా మొదలుకాలేదు! అలాంటప్పుడు ఎవరో ఒకరు ఒకసారి ఊరుకొని గింజ తీయాలి.

లెక్క చేయండి

1. ఇద్దరు 10 ఆటలు ఆడారు. మొదటి ఆటలో ఒకామె రాయి, ఒకామె గింజ తీశారు. మిగిలిన 9 ఆటల్లో ఇద్దరూ రాళ్లే తీశారు. ఎవరికి ఎన్ని కాయలు వచ్చాయి?

2. మీ సంఘంలో ఇద్దరిద్దరు కలిసి ఈ ఆట ఆడండి. ఒక రోజు మాట్లాడకుండా ఆడండి. ఇంకో రోజు ముందే మాట్లాడుకొని ఆడండి. ఏ రోజు ఎవరికి ఎన్ని వచ్చాయో పలక మీద రాయండి.

3. మీరు ఈ ఏడు ఎవరి దగ్గర విత్తనాలు, మందులు కొన్నారు? బిల్లు ఇచ్చారా? ఇస్తే దాని మీద ఏం రాసి ఉందో తెచ్చి అందరి ముందు చదవండి.