తొలి పందెములనుబట్టి జట్టును తూచుట

ఈ సంచిక అచ్చునకు పోవునాటికి మన పాఠశాల బాస్కెట్‌బాల్ జట్టు రెండు పందెములాడి రెండింటను ఓడినది. అందుచే విద్యార్థులలో గొప్ప కలవరము పుట్టినది. నాయకుని మార్చవలెనని కొందఱును, పొట్టివారిని తీసివేసి పొడుగువారినే చేర్చవలెనని కొందఱును, దసరా సెలవుల తరువాత ఆలస్యముగా వచ్చిన హాస్టలు పిల్లలను మానిపింపవలెనని మఱికొందఱును మాయొద్ద మొఱపెట్టుకొనిరి. మేమును ఈ జట్టునందు అభిమానము గలవారమే. ప్రతి సాయంకాలము కడపటి గంట కొట్టిన పిదప మైదానపు గట్టున నిలిచి చూచువారమే. కాని అభిమానము వేఱు, పరీక్ష వేఱు. రెండు పందెములు చూచి ఒక జట్టునుగూర్చి ఏమి తెలిసికొనవచ్చునో, ఏమి తెలిసికొనరాదో విచారింతము.

మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతపు పిల్లలకు క్రికెట్టే ఎక్కువ పరిచయము గనుక అందుండియే మొదలిడుదము. హైదరాబాదు పక్షమున ఆడిన డెక్కన్ చార్జర్స్ జట్టు 2008లో జరిగిన మొదటి ఐ.పి.ఎల్. పోటీలో 14 పందెములాడి రెండు మాత్రమే గెలిచి, ఎనిమిది జట్లలో కడపటిదయ్యెను. గిల్‌క్రిస్టు, గిబ్స్, సైమండ్స్, లక్ష్మణ్, రోహిత్ శర్మ వంటి పేరుగలవారు అందుండియు ఫలమిట్లయ్యెను. మఱుసటి యేడు ఎన్నికల కారణమున పోటీ దక్షిణాఫ్రికాకు తరలింపబడెను. 2009 ఏప్రిల్ 16న మనవారు ఓట్లు వేసిరి. 19న ఈ జట్టు కేప్‌టౌనులో కలకత్తావారిని 101 పరుగులకే కట్టివేసి గెలిచెను. అటుపిమ్మట మఱి మూడు గెలుపులు వరుసగా వచ్చెను. ఆ దినములలో ఎవరైన వ్యాసము వ్రాసియుండినచో దీనికి ఎదురులేదనియే వ్రాసియుందురు. అయితే మిగిలిన 10 పందెములలో అది మూడు గెలిచి ఏడు ఓడెను! మొత్తముమీద ఏడు గెలుపులు, ఏడు ఓటములు, నాలుగవ స్థానము. తరువాత సెమీఫైనలున గిల్‌క్రిస్టు 35 బంతులలో 85 పరుగులు తీసెను. మే 24న జోహానెస్‌బర్గులో బెంగుళూరువారిని 6 పరుగుల తేడాతో ఓడించి ఆ జట్టే విజేత యయ్యెను.

ఇందు గమనింపవలసినది గెలుపుల సంఖ్య కాదు. మొదటి పందెమునందే నాలుగు వికెట్లు తీసిన ఆర్.పి. సింగ్ పోటీ ముగియునప్పటికి 23 వికెట్లతో అందఱికంటె ముందు నిలిచెను. వరుస గెలుపులు నిలువలేదు, అతని బౌలింగు నిలిచినది. చూడ నేర్చినవానికి అది తొలినాడే కనబడవలసినది.

ఇక మన ఆటకు వత్తము. బాస్కెట్‌బాలును కల్పించిన జేమ్స్ నైస్మిత్ దొర దైవశాస్త్రము చదివినవాడు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో 18 మందిని రెండు పక్షములుగా చేసి, పీచిపండ్ల బుట్టలు కట్టి ఈ ఆటను ఆడించెను. 1898లో ఆయన కాన్సాస్ విశ్వవిద్యాలయమునకు వచ్చెను. 1899 ఫిబ్రవరి 3న ఆ కళాశాల జట్టు తన మొదటి పందెమును కాన్సాస్ సిటీ వై.ఎం.సి.ఏ. వారితో ఆడి 5–16 తేడాతో ఓడెను. ఆటను పుట్టించినవాడే శిక్షకుడు! ఆ యేడు ముగియునప్పటికి లెక్క ఏడు గెలుపులు, నాలుగు ఓటములు.

బంతి బుట్టలో పడుటయందు అదృష్టము పాలు కొంత యుండును. నూటికి 40 వేయగల జట్టు ఒక పందెమున 20 సార్లు విసరినచో 8 పడవలెను. కాని 6 పడినను, 10 పడినను వింత లేదు. ఈ రెంటి నడుమ 8 పాయింట్ల తేడా గలదు. పాఠశాలల పందెములనేకము ఇంతకు తక్కువ తేడాతోనే తేలుచున్నవి. ఇట్టి దానిని చూచి నాయకుని మార్చుట న్యాయమా?

డీన్ ఆలివర్ అను అమెరికా దేశస్థుడు 2004లో ప్రకటించిన గ్రంథమున జట్టు బలమును నాలుగు విషయములలో చూడుమనెను: బుట్టలో వేయు నేర్పు, బంతి పోగొట్టుకొనకుండుట, తగిలి తిరిగివచ్చిన బంతిని పట్టుట, ఫౌలు విసరులు సంపాదించుట. మొదటిదే మిక్కిలి ముఖ్యమని ఆయన యభిప్రాయము. అయినను రెండు పందెములలో దానిని కొలుచుట కష్టమని పైలెక్కయే చెప్పుచున్నది. తక్కిన వానిలో శిక్షణయొక్క గుణము త్వరగా కనబడును.

ఈ కొలతతో మన జట్టును చూతము. మొదటి పందెమున బంతి పోగొట్టుకొనుట విపరీతము. రెండవదానిలో అది చాల తగ్గినది. తగ్గించినవారు ఆ పొట్టివారే! బంతిని నేలకు కొట్టుచు మోయు పని పొడుగువారు చేసినప్పుడెల్ల ఎదుటివారు లాగికొనిరి. తిరిగివచ్చు బంతి విషయమున మాత్రము మన స్థితి విచారకరము. మన బుట్టక్రిందనే ప్రతిపక్షులు రెండవసారి, మూడవసారి విసరిరి. ఇందులకు పొడవు చాలకపోవుట కారణమని మేమొప్పుకొనము. మనవారు బంతివైపు తలయెత్తి చూచుచు నిలిచిరేగాని, ఎదుటివానికి వీపు ఆనించి అడ్డు నిలువలేదు. ఇది నేర్పిన వచ్చును. ఫౌలు విసరులు చాల వఱకు వ్యర్థమయ్యెను, అదియు అభ్యాసలోపమే.

హాస్టలు పిల్లలమాట. వారు సోమరితనమున ఆలస్యము చేయలేదు. ఇండ్లయొద్ద పత్తి ఏరుటకు చేతులు చాలక తలిదండ్రులు నిలుపుకొనిరి. ఆ పదునైదు దినములలో ఇక్కడివారికి మాత్రము అభ్యాసమేమి జరిగినది? వానకు మెత్తబడిన మట్టిలో బంతి ఎగురనే లేదు. వారిని తీసివేసినచో మన జట్టులో ఎడమచేత బంతి నడుపగలవాడు ఒక్కడును మిగులడు.

కనుక ఈ నెలలో జట్టును మార్చుటకు మేము సమ్మతింపలేదు. ప్రతివాడును దినమునకు ఇరువది ఫౌలు విసరులు వేసి, ఎన్ని పడినవో వ్రాసియుంచవలెనని నియమించితిమి. తరువాతి పందెమున 9వ తరగతివారు నలుగురు గట్టుమీద కూర్చుండి, ఒక్కొక్క విషయమును ఒక్కొక్కరు లెక్కింతురు. ఆ పుస్తకము మఱునాడు గ్రంథాలయపు బల్లమీద ఉండును. నాయకుని మార్చవలెనన్నవారు అది చూచి మఱల మాయొద్దకు రావచ్చును.