అమ్మాయి ఇంట్లో ఆవిడ, తెనాలిలో నేను

సమస్య

నేను రిటైరైన హైస్కూలు టీచర్ని. వయసు 66. మా ఆవిడకు 61. తెనాలిలో సొంత డాబా ఉంది, పైవాటా అద్దెకిచ్చాం. అమ్మాయీ అల్లుడూ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. పురుడు మా ఇంట్లోనే పోశాం. పిల్లాణ్ణి తీసుకుని వెళ్లేటప్పుడు అమ్మాయి "కాస్త అలవాటు పడేదాకా అమ్మను పంపు నాన్నా" అంది. వాడికిప్పుడు రెండేళ్లు దాటాయి. ఆవిడ పండక్కి వస్తుంది. నాలుగు రోజులుండి, దోసెల పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి, కందిపొడి సీసాకెత్తి వెళ్లిపోతుంది.

కాఫీ నేనే కలుపుకుంటాను. అన్నం కుక్కర్లో పడేస్తాను. కూర మాత్రం కర్రీ పాయింటుదే. రాత్రి వీడియో కాల్ చేస్తే ఆవిడ చెయ్యి పిల్లాడి గిన్నెలో అన్నం మెదుపుతూనే ఉంటుంది, నా వంక చూసేదే తక్కువ.

నన్నూ వచ్చేయమంటున్నారు. కూతురింట్లో రెండు రోజులకు మించి ఉంటే నలుగురూ ఏమనుకుంటారు? అల్లుడి ముందు చులకనైపోనా? పైగా పెన్షన్ పనులూ అద్దె వ్యవహారాలూ ఇక్కడే. ఈ వయసులో చెరో ఊళ్లో ఉండటం ఏమిటని, ఆవిణ్ణి వచ్చేయమని గట్టిగా చెప్పేద్దామనుకుంటున్నాను. తప్పంటారా?

— ఓ పాఠకుడు, తెనాలి

సలహా

మాస్టారూ, మీ ఉత్తరంలో మీకేం కావాలో ఉంది, అమ్మాయికేం కావాలో ఉంది. ఆవిడకేం కావాలో ఎంత వెతికినా దొరకలేదు. ఇంత చక్కగా రాసేవారు ఆ ఒక్క ముక్కా ఎలా మరిచారో!

ఆవిడ పగలంతా పిల్లాడి వెనక పరిగెడుతుంది. పండక్కి సొంతింటికొస్తే అక్కడ పిండి రుబ్బడం, పొడి కొట్టడం. మరి ఆవిడకు సెలవెప్పుడు? 61 ఏళ్ల మోకాళ్ల సంగతి మీరు రాయలేదు, నేనూ ఊహించి చెప్పను. కానీ మీరు గట్టిగా చెప్పేస్తే అటు కూతురి ఉద్యోగం, ఇటు మొగుడి కోపం, మధ్యలో నలిగేది ఆవిడే. కాబట్టి ఆ పని చేయకండి.

కూతురింట్లో ఉండకూడదన్న పట్టింపు ముందు వదిలేయండి. పిత్రార్జితంలో ఆడపిల్లకు సమాన వాటా ఉండాలని ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం చేసింది. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన కేంద్ర చట్టం కొడుకునూ కూతురినీ ఒకే వరసలో నిలబెట్టింది. ఆస్తిలో వాటాకూ, ముసలితనంలో బాధ్యతకూ పనికొచ్చిన కూతురు, మీరు నెల్లాళ్లు ఉండటానికి పరాయిదైందా? నలుగురూ అంటారంటారా, ఆ నలుగురిలో ఒక్కరైనా మీకు కూర పంపిస్తున్నారా? పెన్షన్ అన్నది సాకు. జీవన్ ప్రమాణ్ వచ్చాక లైఫ్ సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచైనా ఇవ్వొచ్చు. అద్దె ఫోన్లోనే పడుతుంది.

అయితే ఇరుకు నిజమే. అల్లుడు ఆఫీసు కాల్‌లో ఉంటే మీరు హాల్లో టీవీ చూడలేరు, లుంగీతో తిరగలేరు. అందుకే అదే వీధిలో సింగిల్ బెడ్‌రూమ్ ఒకటి అద్దెకు తీసుకోండి. పగలు మనవడి దగ్గర, రాత్రి మీ గూట్లో మీరిద్దరూ. మీ పైవాటా మీద వచ్చేది కొండాపూర్ అద్దెకు ఏ మూలకూ చాలదు. మిగతాది అమ్మాయీ అల్లుడూ వేసుకోవాలి. ఆయాను పెట్టుకుంటే నెలనెలా ఇవ్వరా? అమ్మ గనక ఉచితం అనుకోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. అడగడానికి మొహమాటపడకండి.

దీనికో గడువూ ఉండాలి. మూడేళ్లు నిండాక పిల్లాడు ప్లే స్కూలుకి వెళ్తాడు. ఈలోగా అమ్మాయి కంపెనీలో క్రెష్ ఉందేమో కనుక్కోమనండి. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ సదుపాయం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. హెచ్ఆర్ వాళ్లను అడగడానికి జంకుతూ, అమ్మను అడగడానికి జంకని పిల్లలు చాలామందే ఉన్నారు.

ఇక మీరు. వెళ్లాక మామగారి హోదాలో కూర్చుంటే ఆవిడకు మరో కంచం పెరుగుతుంది, అంతే. సర్వీసంతా పిల్లల్ని పట్టిన మనిషికి సాయంత్రం ఒక మనవణ్ణి పార్కులో ఆడించడం ఏపాటి? బెండకాయ వేపుడు, టమాటా పప్పు నేర్చుకోండి. ఆ రెండూ వస్తే కర్రీ పాయింటు గోల సగం తీరుతుంది.

వీటన్నిటికంటే ముందు, ఆవిడకేం కావాలో ఆవిణ్ణే అడగండి. "నాకు ఇక్కడే బాగుంది, మీరే ఉండలేకపోతున్నారు" అని ఆవిడ అనొచ్చు. పార్కు స్నేహాలూ, చేతిలో తన ఫోనూ చూసుకుని, నలభై ఏళ్ల వంటింటి కంటే అదే నయమనుకునే ఆడవాళ్లు నాకు తెలుసు. "వచ్చేస్తాను, నా వల్ల కావడం లేదు" అనీ అనొచ్చు. అప్పుడు అమ్మాయితో మాట్లాడాల్సింది మీరు, ఆవిడ కాదు. ఏ జవాబొచ్చినా తట్టుకునేలా సిద్ధపడి అడగండి. వీడియో కాల్‌లో మాత్రం వద్దు. రైలెక్కి వెళ్లండి, పిల్లాడు పడుకున్నాక ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.