వెట్‌సూట్ కంపెనీలో మీకు కొలువుందా?

ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా సాగే పోటీ ట్రయాథ్లాన్. ఒలింపిక్స్‌లో 1.5 కి.మీ. ఈది, 40 కి.మీ. సైకిల్ తొక్కి, 10 కి.మీ. పరుగెత్తాలి. చన్నీళ్లలో ఈదేటప్పుడు ఒంటికి అతుక్కునేలా వేసుకునే రబ్బరు దుస్తులే వెట్‌సూట్. ఇలాంటివి తయారుచేసే బ్రాండ్లలో ఉద్యోగం అనగానే చాలామంది స్పోర్ట్స్ మార్కెటింగ్ గురించే అడుగుతారు. నా లెక్కలో అది ఇరుకు దారి. అసలు పని మెటీరియల్ దగ్గర, ప్యాటర్న్ (ముక్కల కత్తిరింపు నమూనా) దగ్గర ఉంది.

ఇంగ్లండ్‌లోని డెర్బీలో 2011లో డీన్ జాక్సన్ మొదలుపెట్టిన హూబ్‌నే తీసుకోండి. ఈతగాడిని నీరు ఎంతగా వెనక్కి లాగుతుందో అధ్యయనం చేసిన డచ్ శాస్త్రవేత్త హూబ్ టుసాంట్ పేరే ఆ బ్రాండ్‌కు పెట్టారు. ఈదుతుంటే కొందరికి కాళ్లు కిందికి దిగిపోతాయి, కొందరికి వాటంతటవే తేలతాయి. ఇద్దరికీ ఒకే సూట్ నప్పదు. అందుకే హూబ్ ఒక రకంలో ఒంటి పైభాగానికి 3 మి.మీ., కాళ్ల వైపు 5 మి.మీ. నియోప్రీన్ రబ్బరు వాడింది. ఇంకో రకంలో రెండుచోట్లా 4 మి.మీ. పెట్టింది. నియోప్రీన్‌లోని సన్నని గాలి బుడగలే మనిషిని తేలుస్తాయి. మందం పెంచుకుంటూ పోదామంటే కుదరదు, నిబంధనల ప్రకారం 5 మి.మీ. దాటకూడదు. పైగా భుజం దగ్గర మందమైతే చెయ్యి తిరగదు. ఏ ముక్క ఎక్కడ, ఎంత మందం, అతుకు ఎటు పోవాలి? వీటిని తేల్చేది ప్యాటర్న్ మేకరూ మెటీరియల్ ఇంజినీరూ. కుట్టు సంగతీ అంతే. ముక్కల అంచులను జిగురుతో అతికించి, సూది అవతలికి దిగకుండా కుడతారు. దిగితే ఆ రంధ్రంలోంచి నీళ్లు వస్తాయి.

బ్రాండ్ ఆఫీసు చిన్నదే కావచ్చు, దాని వెనకున్న గొలుసు పెద్దది. ఒసాకాలోని యమమోటో రబ్బరు షీట్లు చేస్తుంది. తైవాన్‌కు చెందిన షైకో ఎన్నో బ్రాండ్లకు సూట్లు కుట్టిపెడుతుంది. దరఖాస్తులు అలాంటి చోట్లకూ పంపాలి.

చదువు విషయానికొస్తే, ఇంటర్‌లో మ్యాథ్స్ ఉన్నవారికి హైదరాబాద్ నిఫ్ట్‌లో బీఎఫ్‌టెక్ (ఫ్యాషన్ టెక్నాలజీ డిగ్రీ) ఉంది. డిజైన్ మీద మనసుంటే ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీలో టెక్స్‌టైల్, అపెరల్ డిజైన్ ఉంది. కెమిస్ట్రీ ఇష్టమైతే చెన్నైలో అన్నా యూనివర్సిటీ ఎంఐటీ క్యాంపస్‌లో రబ్బర్, ప్లాస్టిక్స్ టెక్నాలజీ బీటెక్ చూడండి. బీటెక్ తర్వాతైతే ఐఐటీ ఖరగ్‌పూర్ రబ్బర్ టెక్నాలజీ సెంటర్‌లో ఎంటెక్ చేయొచ్చు. బ్రిటన్‌లో స్పోర్ట్స్ ఇంజినీరింగ్ ఎమ్మెస్సీలున్నాయి కానీ, అప్పు చేసి నేరుగా అక్కడికి వెళ్లమని నేను చెప్పను. ముందు రెండేళ్లు ఫ్యాక్టరీలో పనిచేయండి.

మన సముద్రాలు వెచ్చన, ఇక్కడ వెట్‌సూట్ గిరాకీ అంతంతమాత్రమే. మూడు అంచెలకూ ఒంటి మీదే ఉండే ట్రైసూట్ మాత్రం ఎండలోనూ కావాలి. అది సాగే నిట్ బట్ట. అలాంటి బట్ట మీద చెయ్యి తిరగాలంటే అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ అపెరల్ సిటీ లాంటిచోట ఇంటర్న్‌షిప్ ప్రయత్నించండి. ఈలోగా ఒక పాత సైక్లింగ్ షార్ట్ కొని, కుట్లు విప్పి, ముక్కల ప్యాటర్న్ గీసి, కొలతలతో టెక్ ప్యాక్ (ఫ్యాక్టరీకి ఇచ్చే తయారీ వివరాల పత్రం) రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా ముందు ఆ కాగితాలు తీసి చూపించండి.