పసిపిల్లలతో పరదేశం వెళ్లాలా? నిర్ణయానికి ముందు చూసుకోవలసినవి

నర్సింగ్ చదివిన అమ్మాయిలు, మన సంఘ కుటుంబాలలోని యువ దంపతులు గల్ఫ్ దేశాలకు, బ్రిటన్‌కు వెళ్లడం కొత్త కాదు. అయితే పెళ్లికాక ముందు ఒక సూట్‌కేసుతో బయలుదేరడం వేరు, మూడేళ్ల బాబునూ పది నెలల పాపనూ వెంటబెట్టుకుని బయలుదేరడం వేరు. టీకాల రోజున మా దగ్గరకు వచ్చే తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఇదే: "సిస్టర్, పిల్లల్ని తీసుకెళ్లమంటారా, అమ్మ దగ్గర ఉంచమంటారా?" వెళ్లమని గానీ మానమని గానీ మేము చెప్పలేము. ఏయే విషయాలు తూచి చూసుకోవాలో మాత్రం ఈ పాఠంలో వరుసగా చెబుతాము.

1. జీతం కాదు, మిగిలేది చూడండి

జీతాన్ని రూపాయల్లోకి మార్చితే ఎవరికైనా పెద్దగానే కనిపిస్తుంది. కానీ అక్కడ ఖర్చయ్యేది కూడా ఆ దేశపు డబ్బే. సౌదీ అరేబియాలో విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై 2017 జూలైలో నెలకు తలకు 100 రియాళ్ల రుసుము పెట్టారు. అది ఏటా పెరిగి 2020 నాటికి 400 అయింది. ఆ లెక్కన భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200 రియాళ్లు. ఇంటి అద్దె దీనికి అదనం. గల్ఫ్‌లో సి.బి.ఎస్.ఇ. బడులు ఉన్నాయి గానీ అవి ప్రైవేటువి. ఫీజు కంపెనీ ఇస్తుందా, మీరే కట్టాలా అన్నది ఒప్పందంలో చూసుకోండి.

బ్రిటన్‌లో ప్రభుత్వ బడికి ఫీజు లేదు. ఇంగ్లండ్‌లో నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబరులో పిల్లలను చేర్చుకుంటారు. అంతకు ముందు కాలమే కష్టం. మూడు, నాలుగేళ్ల వారికి వారానికి 15 గంటలు, ఏడాదికి 38 వారాల పాటు ఉచితంగా చూస్తారు. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు ఇచ్చే 30 గంటల సాయం, ప్రభుత్వ నిధులు పొందరాదన్న షరతుతో వీసా ఉన్న దంపతులకు రాదు. కాబట్టి పది నెలల పాపకు క్రెష్ ఫీజు పూర్తిగా కట్టాలి, లేదా ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండాలి. నర్సు డ్యూటీ చాలాచోట్ల పన్నెండు గంటలకు పైనే ఉంటుంది. క్రెష్‌లు సాధారణంగా సాయంత్రం ఆరుకే మూస్తారు. ఆ రెండు గంటలు పాప ఎవరి చేతుల్లో ఉంటుంది? ఇక్కడైతే అమ్మమ్మ ఉంటుంది. అక్కడ ఎవరున్నారో ముందే తేల్చుకోండి.

2. వీసా మీకేనా, కుటుంబానికి కూడానా?

బ్రిటన్‌కు కేర్ వర్కర్లుగా కొత్తగా వెళ్లేవారు భార్యాభర్తలను, పిల్లలను వెంట తీసుకెళ్లరాదని 2024 మార్చి 11 నుండి నిబంధన వచ్చింది. 2025 జూలై 22 నుండి విదేశాల నుండి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. నర్సులకు ఈ నిషేధం లేదు. ఇప్పుడు కూడా "కేర్ వీసా ఇప్పిస్తాం, లక్షలు కట్టండి" అనేవారి మాట నమ్మి పొలం తాకట్టు పెట్టవద్దు. మన దేశంలో రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరును ప్రభుత్వ ఈ-మైగ్రేట్‌లో సరిచూసుకోండి. డబ్బు కడితే రసీదు తీసుకోండి.

3. పిల్లల ఆరోగ్యం

టీకాల కార్డు: పాస్‌పోర్టుతో సమానంగా దాచండి. నమ్మదగిన రికార్డు లేకపోతే బ్రిటన్‌లో టీకాలు వేయలేదనే భావించి మళ్లీ మొదలుపెడతారు. ఎమిరేట్స్ బడులు కూడా చేర్చుకునేటప్పుడు ఈ కార్డు అడుగుతాయి. మన ప్రభుత్వం ఇచ్చే ఎం.ఆర్. టీకా తట్టుకు, రుబెల్లాకు. గవదబిళ్లలకు రక్షణ అందులో లేదు, అందుకు అక్కడ వేరే టీకా వేయించవలసి ఉంటుంది.

క్షయ పరీక్ష: ఆరు నెలలకు మించి బ్రిటన్‌లో ఉండటానికి వెళ్లేవారు ఆ ప్రభుత్వం ఆమోదించిన క్లినిక్‌లోనే ఈ పరీక్ష చేయించుకోవాలి. పిల్లలను కూడా తీసుకెళ్లాలి. పదకొండేళ్ల లోపు వారికి సాధారణంగా ఎక్స్‌రే తీయరు.

ఎండ, చలి: 2016 జూలైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది. అలాంటి నెలల్లో పిల్లలు ఫ్లాట్ గడప దాటరు. లండన్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. ఎండ తగలకపోతే విటమిన్ డి తగ్గుతుంది. అందుకే బ్రిటన్‌లో ఒకటి నుండి నాలుగేళ్ల పిల్లలందరికీ రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి ఇవ్వమని చెబుతారు.

మందులు: ఉబ్బసం, ఫిట్స్ వంటి జబ్బులు ఉన్న పిల్లలకు మందు అసలు పేరుతో చీటీ రాయించుకోండి. కొడీన్ కలిసిన దగ్గు మందులు అనుమతి లేకుండా ఎమిరేట్స్‌కు తీసుకెళ్లరాదు. ఆరోగ్య బీమా పిల్లలకు కూడా వర్తిస్తుందా అని యజమానిని రాతపూర్వకంగా అడగండి.

4. తల్లి మనస్సు

కాన్పయి ఏడాది కాకముందే వెళ్లే తల్లి విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. చుట్టుపక్కల తెలుగు మాట వినిపించక, నిద్ర లేక, చాలామంది లోలోపల కుంగిపోతారు. రెండు వారాలకు మించి ఏడుపు, నిరాశ, బిడ్డ మీద ఆసక్తి లేకపోవడం కనిపిస్తే అది బలహీనత కాదు, వైద్యం ఉన్న జబ్బు. భర్త దాన్ని గమనించాలి, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

5. పిల్లలను ఇక్కడే ఉంచితే

ఇది తప్పు కాదు, కొన్నిసార్లు ఇదే మేలు. అయితే మూడేళ్ల లోపు బిడ్డకు ఫోనులో కనిపించే అమ్మ సరిపోదు. తిరిగి వచ్చినప్పుడు బిడ్డ దగ్గరకు రాకపోతే నొచ్చుకోవద్దు, కాలమే కలుపుతుంది. అమ్మమ్మకు బి.పి., షుగరు ఉంటే పసివాడి వెంట పరుగెత్తగలదా అని ఆమెనే అడగండి. మొహమాటంతో సరేనంటుందేమో కూడా చూడండి. ఆస్పత్రిలో, బడిలో సంతకం ఎవరు పెట్టాలో కాగితం మీద రాసి ఉంచండి. పిల్లలతో "రేపు వస్తాం" అని అబద్ధం చెప్పవద్దు. క్యాలెండరులో రోజు చూపించి చెప్పండి.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి

భార్యాభర్తలు ఈ ప్రశ్నలకు విడివిడిగా జవాబులు రాసి, తరువాత కలిపి చదవండి.

• మనం ఎందుకు వెళ్తున్నాం? అప్పు తీర్చడానికా, ఇల్లు కట్టడానికా, పిల్లల చదువుకా?
• ఆ పని ఎన్ని సంవత్సరాల్లో పూర్తవుతుంది?
• మొదటి ఆరు నెలలు పాప జ్వరం వస్తే సెలవు ఎవరు పెడతారు?
• ఉద్యోగం పోతే తిరుగు టికెట్లకు డబ్బు పక్కన ఉందా?
• ఏ పరిస్థితి వస్తే వెనక్కి వచ్చేయాలి?

రెండు కాగితాల్లో జవాబులు కలవకపోతే కంగారు పడకండి. కలవని చోటే ఇంకా మాట్లాడుకోవాలి. ఎవరు ఎక్కువ నష్టపోతారో వారి మాటకు ఎక్కువ బరువు ఇవ్వండి. పసిపిల్లలు తమ జవాబు రాయలేరు గనుక వారి వైపు నుండి కూడా ఒక కాగితం మీరే రాయండి. బయలుదేరాలని నిశ్చయించుకుంటే, కనీసం రెండు నెలల ముందే పిల్లల కార్డులతో మా దగ్గరకు రండి. మిగిలిన టీకాలు సరిచూసి వేస్తాము.