తేమ కొలుచు సాధనమునకు తగిన ట్రాన్సిస్టర్ స్విచ్చి

చేలో పాతిన తేమ సాధనమునకు బ్యాటరీ తీరినచో, పైరు వాడిన తరువాత గాని ఆ సంగతి మనకు తెలియదు.

10 మిల్లీ ఆంపియర్లు వాడు సాధనమును ఎడతెగక నడిపినచో, 2000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ 200 గంటలలో, అనగా 8 రోజులకు కొంచెము పైగా, తీరిపోవును. పది నిమిషములకు ఒక సెకను నడిపిన చాలును. ఇందుకు ట్రాన్సిస్టర్ కాలువకు తూము వంటిది: తెరచిన విద్యుత్తు పారును, మూసిన ఆగును.

బి.సి. 547 వంటి సాధారణ ట్రాన్సిస్టర్ ఈ సాధనమునకు పూర్తిగా తెరచుకొనుటకు బేసులో సుమారు 1 మిల్లీ ఆంపియరు పారవలెను. ఒక సెకను పనికి ఇది లెక్కలోనిది కాదు. గంటల తరబడి తెరచి ఉంచవలసిన చోట మాస్‌ఫెట్ మేలు. తెరచి ఉన్నంతసేపు దాని గేటు విద్యుత్తును దాదాపు తీసికొనదు.

అయితే 2ఎన్7000 రకములో కొన్ని తెరచుకొన మొదలిడుటకే 3 వోల్టుల వరకు కోరును. రెండు సెల్లులు కొత్తవైనను ఇచ్చునది సుమారు 3 వోల్టులే. వాడిన కొలది తగ్గును. కావున 2.5 వోల్టులకే బాగుగా తెరచుకొనునని వివరపత్రములో ఉన్న రకమునే కొనుడు. గేటునకు, సోర్సునకు నడుమ 1 లక్ష ఓముల రెసిస్టరు ఉంచుడు. లేనిచో అది తనంత తానే తెరచుకొనవచ్చును.

మూసిన స్థితిలో పారు విద్యుత్తును మల్టీమీటరుతో కొలిచిన పిమ్మటనే సాధనమును చేలో పాతవలెను.