కీలాగ్రాలు లెక్కపెట్టి ఫలదళాలు చెప్పొచ్చా?

పోటీ పరీక్షల వృక్షశాస్త్రంలో పుష్ప భాగాల ప్రశ్నలు తేలిగ్గా కనిపిస్తాయి. మార్కులు పోయేదీ అక్కడే. కీలాగ్రం రెండుగా చీలితే ఫలదళాలు రెండు, అయిదుగా చీలితే అయిదు అని గుడ్డిగా రాసేవారు చాలామంది. చాలా పూలలో ఈ లెక్క కుదురుతుంది. కుదరని పూలనే ప్రశ్నపత్రం తయారుచేసేవారు ఏరుకుంటారు.

ప్రత్యుత్పత్తి భాగాలే ఎందుకు?

నేల, నీరు, నీడ మారితే ఆకు పరిమాణం మారుతుంది. పూరేకుల రంగు ఒకే జాతిలోనూ మారొచ్చు. కేసరాల అమరిక, కీలాగ్రం తీరు, అండాశయం స్థానం అంత సులువుగా మారవు. లిన్నేయస్ 1735లో ‘సిస్టమా నేచురే’లో మొక్కలను 24 తరగతులుగా విడదీసినప్పుడు ప్రధానంగా కేసరాలనే ఆధారం చేసుకున్నాడు. మొదటి తరగతుల్లోని క్రమాలను కీలాల సంఖ్యను బట్టి విభజించాడు. మన సామర్లకోటలో తోట నడిపి, తర్వాత కలకత్తా వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ కూడా ‘ఫ్లోరా ఇండికా’ను ఈ పద్ధతిలోనే అమర్చాడు. దీన్ని కృత్రిమ వర్గీకరణ అంటారు. ఒకటి రెండు లక్షణాల మీదే నిలబడటంతో దగ్గరి బంధువులు వేర్వేరు తరగతుల్లో పడ్డాయి. దీనికి భిన్నమైన బెంథామ్, హుకర్‌ల సహజ వర్గీకరణ 1862–1883 మధ్య వెలువడింది.

శంఖపుష్పి: ఒక పేరు, మూడు మొక్కలు

మూలికల వ్యాపారంలో శంఖపుష్పి పేరుతో మూడు వేర్వేరు మొక్కలు చెలామణీ అవుతాయి. ఎండిన ఆకులు చూసి తేల్చడం కష్టం. పువ్వు దొరికితే చేతి భూతద్దం చాలు.

మొదటిదైన కన్వాల్వులస్‌లో కీలం ఒకటే. దాని కొసన సన్నని కీలాగ్రాలు రెండు. రెండోది, మన బీళ్లలో నేలబారుగా పాకే విష్ణుక్రాంతలో కీలాలే రెండు. ఒక్కొక్కటీ మళ్లీ రెండుగా చీలుతుంది కాబట్టి దారాల్లాంటి కీలాగ్రాలు నాలుగు కనిపిస్తాయి. ఫలదళాలు మాత్రం రెండే. ఇదే కుటుంబానికి చెందిన తూటికాడలో (కొన్ని చోట్ల లొట్టపీసు అంటారు) కీలాగ్రం గుండ్రని ముద్ద, మధ్యలో నొక్కు. అంటే ఒక్క కన్వాల్వులేసి కుటుంబంలోనే ప్రజాతులను కీలాగ్రంతో వేరు చేయొచ్చు.

మూడోది కంచెల మీద అల్లుకునే నీలి శంఖపుష్పం, దింటెన. ఇది చిక్కుడు కుటుంబానిది. పది కేసరాల్లో తొమ్మిది ఒక కట్టగా, ఒకటి విడిగా ఉంటాయి. దీన్నే ద్విబంధకం అంటారు. కీలం లోపలి వైపు నూగు ఉంటుంది. చిక్కుడు కుటుంబం అనగానే ద్విబంధకం అని టిక్కు పెట్టేయకండి. గిలిగిచ్చలో పది కేసరాలూ ఒకే కట్ట. పరాగకోశాలు కూడా పొడవువి, పొట్టివి ఒకదాని పక్కన ఒకటిగా ఉంటాయి.

మందార కుటుంబంలో మెలిక

కేసరాలన్నీ గొట్టంలా కలిసిపోయి కీలాన్ని చుట్టుకుంటే, పరాగకోశం ఒకే గదితో ఉంటే అది మందార కుటుంబం, మాల్వేసి. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ గొట్టం పైన ఏముందో చూసేవారు తక్కువ.

మందారలో అయిదు కీలాగ్రాలు, అయిదు ఫలదళాలు. లెక్క సరిపోయింది. తుత్తురబెండలో ఫలదళాలు సాధారణంగా పదిహేను, ఆ పైన. కీల శాఖలూ అన్నే. గంగరావిలో కీలం చీలదు, కొస గద ఆకారంలో లావెక్కుతుంది. యూరీనా, పవోనియా ప్రజాతుల దగ్గర లెక్క తప్పుతుంది. ఫలదళాలు అయిదు, కీల శాఖలు పది. నా దృష్టిలో ఈ కుటుంబం నుంచి అడగదగ్గ ప్రశ్న ఇదే. తేల్చుకోవాలంటే అండాశయాన్ని బ్లేడుతో అడ్డంగా కోసి గదులు లెక్కపెట్టాలి. కీలాగ్రం ఇచ్చేది సూచన, కోత చెప్పేది తీర్పు.

ఆముదంలోనూ ఇలాగే మూడు కీలాలు రెండేసిగా చీలి ఆరు ఎర్రటి కొసలు కనిపిస్తాయి. ఫలదళాలు మూడే.

వామింట, కుక్కవామింట

రెండూ పొలం గట్ల మీద పక్కపక్కనే మొలుస్తాయి. వీటిని వేరు చేయడానికి కీలాగ్రం కాదు, కేసరాలు చూడాలి. వామింటలో ఆరు కేసరాలు, అండాశయంతో పాటు ఒక సన్నని కాడ మీద పైకి లేచి ఉంటాయి. పసుపు పూల కుక్కవామింటలో ఆ కాడ ఉండదు, కేసరాలు పదికి మించుతాయి.

మోసపుచ్చే పూలు

జిల్లేడు పువ్వు నడుమ కనిపించే అయిదు కోణాల కిరీటంలో పరాగకోశాలు, కీలాగ్రం కలిసిపోయి ఉంటాయి. దీని పేరు గైనోస్టీజియం. అయిదు కోణాలు చూసి అయిదు ఫలదళాలు అనుకుంటే తప్పు. అడుగున విడివిడిగా రెండు అండాశయాలుంటాయి, పైన కీలాగ్రం దగ్గర మాత్రమే కలుస్తాయి. పుప్పొడి కూడా పొడిగా రాలదు. పొలీనియా అనే ముద్దలుగా జంటలు జంటలుగా కీటకం కాలికి తగులుకుని బయటికొస్తుంది.

గడ్డి చామంతిది వేరే చిక్కు. మనం ఒక పువ్వు అనుకునేది పుష్పగుచ్ఛం. అంచున ఉన్నవి స్త్రీ పుష్పాలు, మధ్యలోవి ద్విలింగ పుష్పాలు. మధ్యలోని పువ్వులో పరాగకోశాలు అతుక్కుని గొట్టమవుతాయి. కీలం ముడుచుకున్న కొసతో ఆ గొట్టంలోంచి ఎదుగుతూ పుప్పొడిని బయటికి నెడుతుంది. ఆ తర్వాతే కీలాగ్రం రెండుగా విచ్చుకుంటుంది. దీన్ని పుంభాగ ప్రథమోత్పత్తి అంటారు. లేత పువ్వు ఒక్కటే చూస్తే చీలిక కనబడదు కాబట్టి గుచ్ఛం అంచు నుంచి మధ్యకు నాలుగైదు పూలు విప్పి చూడాలి. కీలాగ్రం రెండుగా చీలినా, ఫలదళాలు రెండున్నా, అండాశయంలో గది ఒకటే, అండం ఒకటే.

సాధన

1. తామరను కలువ నుంచి వేరుచేసే లక్షణం ఏది?
జవాబు: తామరలో ఫలదళాలు విడివిడిగా, చదునైన పుష్పాసనం గుంటల్లో దిగి ఉంటాయి.

2. తుంగ కీలాగ్రం మూడు శాఖలుగా ఉంటే కాయ అడ్డుకోత ఏ ఆకారంలో ఉంటుంది?
జవాబు: త్రిభుజాకారం. రెండు శాఖలున్న జాతుల్లో కాయ రెండు వైపులా నొక్కినట్టు ఉంటుంది.

3. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడులో పుప్పొడి ఎలా బయటపడుతుంది?
జవాబు: పరాగకోశం కొసన ఉన్న రంధ్రాల ద్వారా. పది కేసరాలున్నా అన్నీ సమానం కావు, పైవి మూడు వంధ్య కేసరాలు.