చెట్టు కింది కల్లు, ట్యాంకు పక్కన బీరు: రుచి వెనక రసాయనం

కల్లు రుచి తెలిసినవాళ్లు ఎవరినైనా అడగండి, చెట్టు దించిన లొట్టి దగ్గరే తాగాలంటారు. పొద్దున తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడిపోతుంది. ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా మారుస్తూనే ఉంటుంది. దాని వెనకే బాక్టీరియా చేరి ఆమ్లాలు తయారుచేస్తుంది. అంటే కల్లు రుచి గంటగంటకూ మారిపోతుంది.

క్రాఫ్ట్ బీరుదీ ఇంచుమించు ఇదే కథ, కాకపోతే మార్పు నెమ్మదిగా జరుగుతుంది. ఫ్యాక్టరీలో తయారయ్యే సీసా బీరును సాధారణంగా వడగట్టి, వేడిచేసి (పాశ్చరైజ్ చేసి) నెలల తరబడి నిలవ ఉండేలా చేస్తారు. మైక్రోబ్రూవరీల్లో చాలావరకు ఈ పనులు చేయరు. బీరు ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి వస్తుంది. అందుకే బెంగళూరు ఇందిరానగర్‌లోనో, హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోనో తయారైన బీరును అక్కడికి వెళ్లి రుచి చూడటంలో అర్థముంది.

నాలుగు పదార్థాలు, వందల వాసనలు

బీరుకు కావలసినవి మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ (మాల్ట్), హాప్స్ అనే తీగ పువ్వులు, ఈస్ట్, నీళ్లు. జర్మనీలోని బవేరియాలో 1516లో వచ్చిన నిబంధన బార్లీ, హాప్స్, నీళ్లు మాత్రమే వాడాలంది. అందులో ఈస్ట్ ప్రస్తావన లేదు. పులియడం సూక్ష్మజీవుల పని అని అప్పటికి ఎవరికీ తెలియదు మరి! లూయీ పాశ్చర్ బీరుపై తన పరిశోధనను 1876లో పుస్తకంగా తెచ్చాడు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు.

ఈస్ట్ ఆల్కహాలుతో ఆగదు, వాసనలు కూడా చేస్తుంది. జర్మన్ తరహా గోధుమ బీరులో అరటిపండు వాసన వస్తుంది. అందులో అరటిపండు వేయరు. ఈస్ట్ తయారుచేసిన ఐసోఎమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ వల్ల ఆ వాసన. అదే బీరులో లవంగం ఘాటు వస్తే, అది 4-వినైల్ గ్వయకాల్ పని.

రుచి చూసేది ఎక్కువగా ముక్కే

ఇంట్లోనే ఒక ప్రయోగం చేయండి. యాలకుల పొడి కలిపిన బెల్లం ముక్కను ముక్కు మూసుకుని నమలండి. తీపి మాత్రమే తెలుస్తుంది. ముక్కు వదిలిన మరుక్షణం యాలకులు తెలుస్తాయి. నోటి వెనక నుంచి ముక్కులోకి ఎగసే ఆవిరే మనం ‘రుచి’ అనుకునే దానిలో పెద్ద భాగం. చల్లదనం ఈ ఆవిరిని తగ్గిస్తుంది. అందుకే గడ్డకట్టేంత చల్లని బీరులో మంచీ తెలియదు, చెడూ తెలియదు. గ్లాసును కొన్ని నిమిషాలు అరచేతుల్లో పట్టుకుంటే వాసనలు విచ్చుకుంటాయి.

నేను తప్పుపట్టిన బీరు

ఒకసారి బెంగళూరులో ఒక పబ్ మేడ మీద, మధ్యాహ్నం ఎండలో గ్లాసు పెట్టి కబుర్లలో పడ్డాను. తర్వాత తాగి చూస్తే కాలిన రబ్బరు, వెల్లుల్లి కలిసినట్టు కంపు. “బీరు పాడైంది” అని ఫిర్యాదు చేశాను. వాళ్లు ఏమీ అనకుండా అదే కుళాయి నుంచి ఇంకో గ్లాసు పట్టి, నీడలో కూర్చోమన్నారు. ఆ బీరు శుభ్రంగా ఉంది. తప్పు నాదే.

హాప్స్ చేదుకు కారణమైన అణువులు బీరులో ఉంటాయి. బీరులోని రైబోఫ్లావిన్ (బి2 విటమిన్) నీలి కాంతిని పీల్చుకుని ఆ శక్తితో వాటిని విరగ్గొడుతుంది. ఆ ముక్కలు గంధకంతో కలిసి ఘాటైన థయోల్ పుడుతుంది. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా మన ముక్కు పసిగడుతుంది. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన నేను గోధుమరంగు సీసా ఎందుకు వాడతారో ఆ రోజే నిజంగా అర్థం చేసుకున్నాను.

దోషాలను గుర్తుపట్టండి

• వెన్న వాసన: డైఅసిటైల్. పులియడం పూర్తికాకముందే బీరు తీశారు, లేదా కుళాయి గొట్టాల్లో బాక్టీరియా చేరింది.
• పచ్చి ఆపిల్ వాసన: ఎసిటాల్డిహైడ్. బీరు ఇంకా ముదరలేదు.
• తడిసిన అట్టపెట్టె వాసన: ఆక్సిజన్ తగిలి పాతబడింది.
• వెనిగర్ పులుపు: పుల్లని రకం బీరు కాకపోతే, అక్కర్లేని సూక్ష్మజీవులు చేరాయి.

కొత్త చోటుకు వెళ్తే ‘ఈ ట్యాంకు ఎప్పుడు మొదలుపెట్టారు? గొట్టాలు ఎన్నాళ్లకోసారి కడుగుతారు?’ అని అడగండి. శ్రద్ధగా చేసేవాళ్లు సంతోషంగా చెబుతారు. లేత రకాల నుంచి చేదు, ముదురు రంగు రకాల వైపు వెళ్లండి. మధ్యలో మంచినీళ్లు తాగండి.

లెక్క మరవద్దు

చిన్న గ్లాసుల ‘శాంప్లర్’ చూడ్డానికి తక్కువగా అనిపిస్తుంది. ఒక్కోటి 100 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు, 5 శాతం ఆల్కహాలు అనుకుంటే దాదాపు 16 గ్రాముల ఆల్కహాలు లోపలికి వెళ్తుంది. 330 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 13 గ్రాములే. కాబట్టి శాంప్లర్‌ను ముగ్గురు నలుగురు పంచుకోవడం మేలు. రుచి తెలియడానికి ఒకటి రెండు గుటకలు చాలు.

ఆల్కహాలు పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. తాజా బీరుకైనా ఇందులో మినహాయింపు లేదు. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలుతో బండి నడపడం నేరం. ‘రెండు గుటకలే కదా’ అని ముక్కు చెప్పినా రక్తం లెక్క వేరు. బండి తాళాలు ఇంట్లోనే వదిలి వెళ్లండి. అలవాటు లేనివాళ్లు రుచి కోసం కొత్తగా మొదలుపెట్టాల్సిన అవసరమూ లేదు. యాలకుల బెల్లంతోనూ ముక్కు పాఠం పూర్తవుతుంది.